నడుం నొప్పికి మంచం మందు కాదు

విజయవాడ సూర్యారావుపేట నర్సింగ్ హోముల్లో అయినా, గుడివాడ, మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రుల్లో అయినా ఏ వార్డుకి వెళ్లినా నడుం నొప్పితోనే డ్యూటీ చేస్తున్న స్టాఫ్ నర్సు ఒకరైనా కనిపిస్తారు. రోగిని మంచం మీద నుంచి స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే ఒకరోజు నడుం కలుక్కుమంటుంది. డ్యూటీ దిగేలోపే తోటి సిబ్బంది తీర్పు చెప్పేస్తారు: "డిస్కు జారి ఉంటుంది సిస్టర్. ఎంఆర్ఐ తీయించుకోండి. మూడు నెలలు మంచం దిగకండి. కుదిరితే ఈ ఉద్యోగమే మానేయండి."

ఈ మాట చెప్పేది వైద్యం తెలియని వాళ్లు కాదు, రోజూ ఆసుపత్రిలో పనిచేసేవాళ్లే. ఊళ్లో ఒకరు నమ్మితే ఆ ఇంటికే నష్టం. ఆసుపత్రి సిబ్బంది నమ్మితే ఓపీకి వచ్చే ప్రతి మనిషికీ అదే సలహా అందుతుంది. అందుకే మిగతావాటికంటే ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: నడుం నొప్పి అంటే డిస్కు జారినట్టే. కదిలితే ఇంకా జారుతుంది. తగ్గేదాకా పడుకోవాలి.

వాస్తవం: ఇందులో మూడు మాటలున్నాయి, మూడూ తప్పే.

మొదట స్కాన్ సంగతి. నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కానింగులను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో అమెరికా న్యూరోరేడియాలజీ పత్రికలో వచ్చింది. ఇరవై ఏళ్ల వయసువారిలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. నలభై ఏళ్లవారిలో సగం మందికి డిస్కు ఉబ్బు ఉంది. ఎనభై ఏళ్లకు అరుగుదల 96 శాతానికి చేరింది. వీళ్లెవరికీ నొప్పి లేదని మరోసారి గుర్తు చేస్తున్నాను. నలభై దాటిన హెడ్ నర్సుకి ఎంఆర్ఐ తీస్తే ఏదో ఒకటి కనబడకపోతేనే వింత. జుట్టు నెరిసినట్టే డిస్కూ వయసుతో మారుతుంది. ఆ రిపోర్టు పట్టుకుని నొప్పికి కారణం దొరికిందనుకోవడం, భయంతో బతుకంతా కుదించుకోవడం అన్యాయం. నడుం నొప్పుల్లో నూటికి తొంభై వరకు ఫలానా ఎముక వల్లనో, ఫలానా డిస్కు వల్లనో అని వేలుపెట్టి చూపలేనివే.

మరి నిజంగానే డిస్కు నరాన్ని ఒత్తి, నొప్పి పిరుదు నుంచి పాదం దాకా లాగితే? అప్పుడు కూడా చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. బయటికి వచ్చిన డిస్కు ముక్కను చాలాసార్లు శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది.

ఇక మంచం సంగతి. 1986లో అమెరికాలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పి పోల్చారు. రెండు రోజులవాళ్లు పని మానేసిన రోజులు 45 శాతం తక్కువ. ఎక్కువ రోజులు పడుకున్నవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదు. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి నగరపాలక ఉద్యోగుల మీద మరో అధ్యయనం జరిగింది. ఒక జట్టుకి రెండు రోజుల మంచం, ఒక జట్టుకి నడుం వ్యాయామాలు, ఇంకో జట్టుకి ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చెప్పారు. అందరికంటే త్వరగా కోలుకున్నది మామూలు పనులు చేసుకున్నవాళ్లు. వెనకబడింది మంచం ఎక్కినవాళ్లు. ఇది తేలి ముప్పై ఏళ్లయింది. మన వార్డుల్లో ఇంకా మూడు నెలల మంచం మాటే నడుస్తోంది.

పడుకుంటే ఏమవుతుందో నర్సులకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మంచాన పడిన రోగి కండలు వారాల్లో ఎలా కరిగిపోతాయో వాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు. అదే శరీరం తమకూ ఉంది. నెల రోజులు పడుకుని, బలం తగ్గిన నడుంతో మళ్లీ అదే పన్నెండు గంటల డ్యూటీకి వచ్చి, మళ్లీ అదే రోగిని ఎత్తితే నొప్పి తిరిగి రాక ఏమవుతుంది? వచ్చాక "చూశారా, డిస్కే!" అంటారు. ఈలోగా ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి, ప్రైవేటు ఆసుపత్రి నర్సులకి సెలవు రోజుల జీతం పోతుంది. ఒక తప్పుడు సలహాకి కడుతున్న మూల్యం ఇది.

నొప్పి మరీ తీవ్రంగా ఉంటే ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు. ఆ తర్వాత లేచి తిరగాలి. కాస్త నొప్పి పెట్టినంత మాత్రాన లోపల ఏదో తెగిపోతోందని కాదు.

అపోహ: రోజంతా వార్డులో తిరుగుతూనే ఉన్నాం, మాకు వేరే వ్యాయామం ఎందుకు?

వాస్తవం: వార్డులో తిరగడం వేరు, నడక వేరు. నాలుగడుగులు వేసి ఆగడం, సెలైన్ పెట్టడానికి మంచం మీదికి వంగి ఉండిపోవడం, గంటల తరబడి నిలబడటం నడుంని అలసిపోయేలా చేస్తాయేగాని బలపరచవు. పనిలో పడే శ్రమా, తీరిక వేళ చేసే వ్యాయామమూ ఒంటికి ఒకే ఫలితం ఇవ్వవని డెన్మార్క్ పరిశోధకులు చాలా ఏళ్లుగా చెబుతున్నారు. డ్యూటీ దిగాక ఉయ్యూరు, పామర్రు బస్సులో కూర్చుని ఇంటికి చేరి, వంట చేసి, సెల్‌ఫోన్‌తో కూలబడితే ఆ రోజులో వ్యాయామం సున్నా.

పైగా ఆసుపత్రి సిబ్బందిలో చాలామంది ఇప్పుడు కూర్చునే పనిచేస్తున్నారు. బిల్లింగ్ కౌంటరు, డేటా ఎంట్రీ, ల్యాబ్‌లో మైక్రోస్కోపు, టెలిమెడిసిన్, విలేజ్ క్లినిక్‌లో కంప్యూటరు ముందు మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ (ఎంఎల్‌హెచ్‌పీ), అందరిదీ అదే కథ. మన దేశంలో 2022లో దాదాపు సగం మంది పెద్దలు చాలినంత శారీరక శ్రమ చేయడం లేదని, ఆడవాళ్లలో అది 57 శాతమని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ 2024లో ప్రచురించింది. కుర్చీయే నడుంని పాడుచేస్తుందని కాదు. ఒకే భంగిమలో ఉండిపోవడం, మిగతా రోజంతా కదలిక లేకపోవడం, ఈ రెండూ కలిస్తేనే చేటు.

అపోహ: రోగిని ఎత్తే పద్ధతి నేర్పిస్తే నడుం నొప్పులు రావు.

వాస్తవం: ఇది యాజమాన్యాలకు ఇష్టమైన అపోహ. ఒక పూట శిక్షణ ఇచ్చి, గోడకి బొమ్మ అంటించి, ఆపైన నొప్పి వస్తే తప్పు నర్సుదే అనేస్తారు. ఎత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నడుం నొప్పులు తగ్గవని అధ్యయనాలను జల్లెడపట్టిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. రోగిని కదిపేటప్పుడు ఒక మనిషి చేత్తో మోయదగ్గ బరువు, పరిస్థితులు అన్నీ అనుకూలంగా ఉన్నా, 16 కిలోలకు మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. డెబ్బై కిలోల రోగిని ఒక నర్సు, ఒక ఆయా కలిసి పైకి జరపడం ఏ పద్ధతిలో చేసినా ఆ లెక్క దాటిపోతుంది. కావలసింది ఎత్తు మార్చుకునే మంచాలు, రోగిని ఎత్తకుండా జరిపి మార్చే స్లైడ్ షీట్లు, ఇంకో ఇద్దరు మనుషులు.

ఇక చిన్నా చితకా.

బెల్టు పెట్టుకుంటే నయమవుతుంది: దీర్ఘకాలిక నడుం నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది.

సిజేరియన్‌కి నడుంలో వేసిన సూది వల్లే: 2019-21 లెక్కల్లో రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే కాబట్టి అందరికీ చెప్పుకోవడానికి ఒక సూది దొరుకుతోంది. ఏళ్ల తరబడి నొప్పికి ఆ సూది కారణమని రుజువు లేదు.

గట్టి చెక్క మీద పడుకోవాలి: అక్కర్లేదు. మరీ గట్టి పరుపుకంటే మధ్యస్థంగా ఉన్నదే మేలని 2003లోనే తేలింది.

డైక్లోఫెనాక్ సూది వేయించుకుని డ్యూటీ చేసేయొచ్చు: మందు చేతికి అందుబాటులో ఉండటంతో ఆసుపత్రి సిబ్బందికే అలవాటైన ప్రమాదం ఇది. కడుపు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ పెరగొచ్చు. వెంటనే ఆపండి.

ఉప్పు కాపడంతో తగ్గుతుంది: దీన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. కొత్తగా వచ్చిన నొప్పికి వేడి కొన్నాళ్లు కాస్త ఉపశమనం ఇస్తుందని అధ్యయనాలున్నాయి. చర్మం కాలకుండా పెట్టుకోండి. ఆ ఉపశమనాన్ని లేచి నడవడానికి వాడుకోండి, పడుకోవడానికి కాదు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే వెన్నెముక టీబీ, క్యాన్సర్ లాంటివి ఉన్నాయేమో చూడాలి. స్కాన్ అవసరం ఇలాంటివాళ్లకే.

మిగిలినవాళ్లకు మందు నడకే. ఆస్ట్రేలియాలో 701 మంది మీద జరిగి 2024లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో, తగ్గిన నడుం నొప్పి తిరిగి రావడానికి నడక మొదలుపెట్టనివాళ్లకు 112 రోజులు పడితే, మొదలుపెట్టినవాళ్లకు 208 రోజులు పట్టింది. పైసా ఖర్చులేదు. వారానికి ఐదు రోజులు అరగంట చాలు. ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి. విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియం ఉంది, పల్లెల్లో కాలువ గట్లున్నాయి. వేసవిలో ఎండ ఎక్కకముందే ముగించండి. నైట్ డ్యూటీ వాళ్లు నిద్ర లేచాక సాయంత్రం నడవండి. కుర్చీలో ఉన్నవాళ్లు అరగంటకోసారి లేవండి. మంచం ఎత్తు పెరిగే వీలుంటే వంగే ముందు దాన్ని పెంచండి. ఒక్కరే రోగిని ఎత్తకండి. పక్కవారిని పిలవడం నామోషీ కాదు.

ఆసుపత్రులు నడిపేవాళ్లకు ఒక విన్నపం. నొప్పి వచ్చిన నర్సుని ఇంటికి పంపి చేతులు దులుపుకోకండి. కొన్నాళ్లు బరువులెత్తని పని ఇచ్చి డ్యూటీలోనే ఉంచండి, జీతం కోయకండి, ప్రతి వార్డుకీ స్లైడ్ షీట్లు కొనండి. నర్సులకు చెప్పేది ఒక్కటే: ఈసారి తోటి సిస్టర్ నడుం పట్టుకుని వస్తే ఆమెను మంచం ఎక్కించకండి, మీతోపాటు నడకకు తీసుకెళ్లండి.