గోకర్ణము నుండి తదడి వరకు: కడలి కొండలమీద ఒక పాదయాత్ర

బళ్ళారి ప్రాంతపు పిల్లలకు తుంగభద్ర తెలియును, హంపి రాళ్లు తెలియును. సముద్రము మాత్రము పాఠములోని మాటగానే మిగిలినది. అయినను అది మనకంత దూరము కాదు. గుత్తి నుండి బళ్ళారి, హోసపేట, హుబ్బళ్ళి మీదుగా పోవు రాజమార్గము పూర్వము 63వ జాతీయ రహదారి అను ఒకే సంఖ్యతో అంకోలాలో, కడలి చెంతనే ముగిసెడిది. అచ్చటికి దక్షిణమున గోకర్ణము. రావణుని చేతిలోని ఆత్మలింగమును వటువేషమున వచ్చిన వినాయకుడు నేలనుంచిన కథకు అదియే స్థానము. 1958లో వచ్చిన 'భూకైలాస్' చిత్రము పుణ్యమా యని మన ఇండ్లలోని పెద్దలకు ఆ కథ కంఠస్థము.

స్వామి దర్శనము చేసికొని మరలిపోవువారిలో పెక్కుమంది ఊరికి దక్షిణముననున్న కొండదారిని చూడనే చూడరు. కుడ్లె, ఓం, అర్ధచంద్ర, ప్యారడైజ్ అను నాలుగు ఇసుక తీరములు. వాని నడుమ సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన రాతి కొమ్ములు. ఆ పిమ్మట బేలెకాన్, తదడి అను బెస్తపల్లెలు. ఓం తీరము రెండు నెలవంకలు కలిసినట్లుండి, పైనుండి చూచువారికి ఓంకారమువలె కనిపించును. అంతయు కలిపి సుమారు 10 కిలోమీటర్ల నడక. దక్షిణాభిముఖముగా పోవువారికి కడలి ఎప్పుడును కుడిచేతి వైపుననే యుండును గనుక దిక్కు తప్పుట అరుదు.

సముద్రమునకు పిల్లలను ఏల తీసికొనిపోవలెనని తలిదండ్రులు అడుగుట న్యాయము. 2024 డిసెంబరులో కోలారు జిల్లా నుండి విహారయాత్రకు వచ్చిన నలుగురు బాలికలు ఇదే ఉత్తర కన్నడ జిల్లాలోని మురుడేశ్వరమున నీట మునిగి మరణించిరి. వారు మన పిల్లల ఈడువారే. ఆ వార్త చదివిన తల్లికి అనుమతి పత్రముపై సంతకము చేయుటకు చేయి రాకుండుట సహజము. మేము ఎవరిని తొందరపెట్టము. ఇట్టి యాత్రకు ఏర్పాటు ఎట్లుండవలెనో చెప్పెదము. చదివిన పిమ్మట మీరే నిర్ణయింపుడు.

మొదట కాలము. జూన్ మొదలుకొని నైరృతి ఋతుపవనము ఆ తీరమున విరుచుకొనిపడును; సంవత్సరమునకు 3,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియు దేశమది. అప్పుడు రాళ్లు నాచుపట్టి జారును, అలలు రాతి కొమ్ముల మీదికి ఎగయును. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకే మనకు తగిన కాలము. డిసెంబరు చివర అచ్చట ప్రొద్దు సుమారు 7 గంటలకు పొడుచును, సాయంకాలము 6 దాటిన కొలది నిమిషములకే క్రుంకును. చీకటిపడిన తరువాత ఆ దారిలో అడుగు పెట్టరాదు.

ఇక నడకకు ఎంతసేపు పట్టును? దీనికి 1892లో నైస్మిత్ అను స్కాట్లండు దేశీయుడు ఒక లెక్క చెప్పెను: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తునకు మరియొక గంట. మన దారిలోని ఎక్కుళ్లన్నియు కలిపి 300 మీటర్లనుకొన్నచో, నడకకు 2 గంటలు, ఎక్కుటకు అరగంట, వెరసి రెండున్నర. కాని ఇది గట్టి కాళ్లుగల ఒంటరి బాటసారి లెక్క. నలుబదిమంది పిల్లలు పోవునప్పుడు అందరికంటె మెల్లగా నడచు పిల్లవాని వేగమే జట్టు వేగము. కనుక దానిని రెట్టింపు చేయుదము: 5 గంటలు. ఫలాహారమునకు, విశ్రాంతికి ఒక గంట. ఉదయము 7 గంటలకు బయలుదేరిన మధ్యాహ్నము 1 గంటకు తదడిలో ఉందుము. చీకటికి ఇంకను 5 గంటల వ్యవధి మిగులును. ఆ మిగులే మన రక్ష. ఆ మెల్లని పిల్లవానిని వెనుక ఉంచుట పలుచోట్ల చూచుచున్నాము. ముందు నడపుట మేలు.

ఆటుపోట్ల సంగతి కొంచెము నిదానముగా చదువుడు. ఆ తీరమున దినమునకు రెండుమార్లు పోటు, రెండుమార్లు ఆటు వచ్చును. చంద్రుని గమనమువలన ప్రతిదినము సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. శనివారము 7 గంటలకు ఆటు వచ్చినచో ఆదివారము 7-50 ప్రాంతమున వచ్చును. అమావాస్య, పూర్ణిమల చెంత సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కూడును గనుక పోటు మిక్కుటము. అష్టమి దాటిన ఒకటి రెండు దినములలో అది మిక్కిలి తగ్గును. పంచాంగము ప్రతి ఇంట నున్నది. యాత్రాదినమును మంచి ముహూర్తమునకు బదులు అష్టమిని చూచి నిర్ణయింపవచ్చును! పెద్దలు నవ్వకుందురుగాక. రాతి కొమ్ముల పాదమును చుట్టిపోవు అడ్డదారులు ఆటు వేళనే కొంత తేలును, పోటు వచ్చినప్పుడు మూతపడును. అందుచేత మన జట్టు ఎప్పుడును పైదారినే పోవలెను. అచ్చటి బెస్తవారిని "భరత ఎప్పుడు, ఇళిత ఎప్పుడు" అని కన్నడములో అడుగుడు. పట్టికలో లేని సంగతులు వారికి తెలియును. రెండు భాషలు వచ్చిన పిల్లలకు ఇట్టి చోట ఎంత లాభమో చూడుడు.

పోటు వేరు, అల వేరు. దూరదక్షిణ సముద్రములో పుట్టిన తుపానుల అలలు ఇచ్చట గాలియే లేని దినమున హఠాత్తుగా ఒడ్డును ముంచుట కలదు. మలయాళములో దానిని 'కల్లక్కడల్', అనగా దొంగ సముద్రము, అందురు. ఇట్టి అలలను గూర్చి హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము హెచ్చరికలు ప్రకటించును. బయలుదేరుటకు ముందటి సాయంకాలము దానిని చూచి, హెచ్చరిక యున్నచో యాత్ర మానవలెను. బస్సుకిచ్చిన బయానా పోయినను సరియే.

మరియొకటి. ఒడ్డును కొట్టిన నీరు వెనుకకు పోవలెను గదా. అది ఒక్కొక్కచోట ఇరుకైన కాలువవలె గుమికూడి లోనికి పారును. అచ్చట అలలు విరుగక నీరు నెమ్మదిగా కనిపించును. తెలియనివారు అదియే మంచిచోటనుకొని దిగుదురు. అందులో చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదినచో అలసి మునుగును. ఒడ్డునకు సమాంతరముగా ఈది కాలువ దాటవలెను. అయినను మన పిల్లలకు ఈ ఉపాయము పరీక్షించు అవసరము రాకూడదు. కావున స్నానము లేదు. కుడ్లె తీరమున మాత్రము, ఉపాధ్యాయులు సముద్రమువైపు వరుసగా నిలిచిన పిదప, మడమలు తడియువరకు నీటిలో నిలువవచ్చును.

ఆ కొండలపై విస్తారముగా నున్నది లాటరైటు, అనగా మన కన్నడిగులు జంబిట్టిగె యను ఎర్రరాయి. వేలయేండ్ల వానలకు రాతిలోని ఇతర పదార్థములు కరగిపోయి ఇనుము, అల్యూమినియము మిగిలినందున దానికా వర్ణము. త్రవ్వినప్పుడు మెత్తగా నుండి గాలి తగిలిన గట్టిపడును. ఆ సీమలో దానిని ఇటుకలుగా కోసి ఇండ్లు కట్టుదురు. నడచువారికి మాత్రము అది శత్రువు: దాని గులకలు దిగుడులో గోలీలవలె పాదముక్రింద దొర్లును. చెప్పులు పనికిరావు, మడమకు పట్టుగల బూట్లు కావలెను. అంచునకు మూడు బారల దూరములో నిలిచి చూడవలెను. ఫొటోల కొరకు వెనుకకు అడుగు వేయువారిపై కన్నుంచవలెను.

అర్ధచంద్ర, ప్యారడైజ్ తీరములకు బండిదారి లేదు. కాలినడకయో పడవయో గతి. కనుక ఒక్కొక్కరు 3 లీటర్ల నీరు మోయవలెను. ప్రతి తీరము చేరినప్పుడు, విడుచునప్పుడు తలలు లెక్కింపవలెను.

తదడి అఘనాశిని నది ముఖమున నున్నది. శిరసి ప్రాంతమున పుట్టిన ఆ నది ఇచ్చట ఉప్పునీటితో కలియును. ఆ ఉప్పుపొలములలోనే 'కగ్గ' యను వరి పండును. బస్సు అచ్చటనే నిలిచియుండును. పిల్లలు ఎక్కిన పిదప మరియొకసారి లెక్కించి, తలిదండ్రులకు వార్త పంపెదము. అనుమతి పత్రములో పిల్లల వ్యాధులు, మందులు దాచక వ్రాయుడు.