‘సైడ్’తో ముగియు మాటలు

ఉన్నత పాఠశాలలో ఆంగ్లము నేర్చు విద్యార్థికి పదసంపద పెంచుకొనుట ఒక పెద్ద బరువు. పట్టికలోని మాటలను ఒక్కొక్కటిగా వల్లెవేయుట, పరీక్ష ముగియగానే వానిని మరచుట అతనికి అలవాటు. ఆ మాటలలో పలువురు దాయాదులు కలరనియు, వాని చివరనున్న చిన్న తునకను గుర్తించినచో పదింటి అర్థము ఒక్కమారుగా తెలియుననియు అతనికి చెప్పువారు తక్కువ. నిజమునకు తెలుగు విద్యార్థికి ఈ పద్ధతి కొత్తది కాదు. జలజము, పంకజము అను మాటలలోని ‘జ’ పుట్టుటను తెలుపునని ఉపాధ్యాయుడు ఒకసారి చెప్పినచో చాలును. సరోజము, అంబుజము, అనుజుడు అనువానిని అతడు తనంతట తానే విప్పుకొనగలడు. ఆంగ్లమునందును ఇట్టి అంత్యభాగములు అనేకములు కలవు. వానిలో ‘సైడ్’ అనునది ఒకటి. రూపములో ఇది చిన్నది; దీని చరిత్ర మాత్రము ప్రాచీన రోము నగరము నుండి ఐక్యరాజ్య సమితి వరకు సాగినది.

లాటిను భాషలో ‘కైదెరె’ అను క్రియకు నరకుట, కొట్టుట, చంపుట అను అర్థములు కలవు. దాని నుండి చంపువానిని తెలుపు రూపమొకటి, చంపుటను తెలుపు రూపమొకటి ఏర్పడి సమాసముల చివర నిలిచినవి. ఫ్రెంచి భాష మీదుగా ఆంగ్లమును చేరునప్పటికి ఆ రెంటి తుదులును అరిగిపోయి, రెంటికిని ‘సైడ్’ అను ఒకే రూపము మిగిలినది. అందుచేతనే హోమిసైడ్ అనగా ఒకచో నరహత్య, వేరొకచో నరహంతకుడు. సంస్కృతములో ఈ చిక్కు లేదు. శిశుహత్య, భ్రూణహత్య, గోహత్య అనునవి పనికి పేర్లు. చేసినవానిని తెలుపుటకు వేరు మాటలు కలవు. శత్రువులను చంపువాడు శత్రుఘ్నుడు. తనకు చేసిన మేలును చంపువాడు కృతఘ్నుడు. కావున ‘సైడ్’తో ముగియు మాట ఎదురైనప్పుడు విద్యార్థి రెండు ప్రశ్నలు వేసుకొనవలెను. ఇందు చంపబడినది ఎవరు? ఈ వాక్యములో ఈ మాట పనికి పేరా, చేసినవానికి పేరా?

మొదటి ప్రశ్నకు సమాధానము పదముయొక్క పూర్వభాగములో దొరకును. లాటినులో ‘హోమో’ అనగా మనుష్యుడు, ‘పాతెర్’ తండ్రి, ‘మాతెర్’ తల్లి, ‘ఫ్రాతెర్’ సోదరుడు. పితృ, మాతృ, భ్రాతృ శబ్దములతో వీనికి గల చుట్టరికము చెవికే తెలియుచున్నది. కావున ప్యాట్రిసైడ్ పితృహత్య, మ్యాట్రిసైడ్ మాతృహత్య, ఫ్రాట్రిసైడ్ సోదరహత్య. ‘ఇన్‌ఫాన్స్’ అనగా ఇంకను మాటలు రాని పసిబిడ్డ, ఇన్‌ఫాంటిసైడ్ శిశుహత్య. ‘రెక్స్’ రాజు, రెజిసైడ్ రాజహత్య. ‘సూయి’ అనగా తనయొక్క; సూయిసైడ్ ఆత్మహత్య. ఈ చివరి మాట ఆంగ్లములో పదునేడవ శతాబ్దమున గాని కనబడదు.

ఒకే వధకు ఈ కుటుంబములోని ఏ మాటను వాడవలెనన్నది చెప్పువాని పక్షమును బట్టి మారుచుండును. క్రీ.పూ. 44వ సంవత్సరమున జూలియస్ సీజరును సెనేటు సమావేశములో బ్రూటసును, అతని సహచరులును పొడిచి చంపిరి. చంపినవారి దృష్టిలో అది నిరంకుశుని వధ, అనగా టిరానిసైడ్. సీజరు పక్షమువారికి అది నీచమైన హత్య. 1649 జనవరి 30వ తేదీన ఇంగ్లండు రాజైన మొదటి చార్లెసునకు లండనులో శిరశ్ఛేదము జరిగినది. ఆ మరణశాసనముపై 59 మంది సంతకము చేసిరి. 1660లో రాజరికము తిరిగివచ్చిన పిమ్మట వారికి రెజిసైడులు, అనగా రాజహంతకులు అను పేరు పడినది; పట్టుబడినవారిలో కొందరు మరణదండన పొందిరి. న్యాయవిచారణ జరిపి శిక్షించితిమని వారు తలచిరి. చరిత్రలో మాత్రము వారికి ఆ పేరే నిలిచినది.

పందొమ్మిదవ శతాబ్దము రెండవ సగము నుండి ఈ అంత్యభాగము మనుష్యులను దాటి పొలములలోనికి దిగినది. కీటకములను చంపునది ఇన్‌సెక్టిసైడ్, శిలీంధ్రములను చంపునది ఫంగిసైడ్, కలుపును చంపునది హెర్బిసైడ్, సూక్ష్మక్రిములను చంపునది జెర్మిసైడ్. పంటను పాడుచేయు జీవులను చంపువానికన్నింటికిని పెస్టిసైడ్ అని పేరు. తెలుగు రైతు వీనిని ‘మందు’ అనుచున్నాడు. పురుగుమందు, కలుపుమందు, ఎలుకలమందు అను మాటలలో జబ్బుపడినదానికి వైద్యము చేయుచున్నామను భావము తోచును. ఆయుర్వేదములో క్రిములను పోగొట్టు ఔషధమునకు కృమిఘ్నమని పేరు. అందు వైద్యమును, వధయును రెండును కలవు. ఆంగ్లపదములో వధయే కలదు. అమెరికా శాస్త్రజ్ఞురాలు రేచెల్ కార్సన్ 1962లో ప్రచురించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ అను గ్రంథములో ఈ రసాయనములను కీటకనాశకములనుట చాలదనియు, ప్రాణమున్న ప్రతిదానికిని హాని చేయునవి గనుక ‘బయోసైడు’లని పిలువవలెననియు వాదించెను.

ఇది మాటల వాదము మాత్రమే కాదు. 1958లో కేరళలో పారథియాన్ అను కీటకనాశని సోకిన ఆహారపదార్థములను తిని నూరుమందికి పైగా మరణించిరి. ఆ విషాదము పిమ్మట జరిగిన పరిశీలనల ఫలితముగా 1968లో భారత పార్లమెంటు ఇన్‌సెక్టిసైడ్స్ చట్టమును చేసినది. 1971 నాటి నియమములు డబ్బాలపై విషతీవ్రతను తెలుపు రంగుగుర్తును ముద్రింపవలెనని విధించినవి. ఎరుపు అత్యంత విషము. దాని తరువాత వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రమున అది విషము కాకపోదు. మందు అను మాటను విని ఏమరుపాటున ఉన్న ఇంటిలో, డబ్బాపైనున్న పేరు తుదిని చదివి హెచ్చరింపగల విద్యార్థి ఒక్కడున్నను ఆ చదువు సార్థకమే.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. తెలుగు లిపిలో ‘సైడ్’ అని కనబడునదెల్ల ఈ కుటుంబమునకు చెందదు. ఇన్‌సైడ్, రివర్‌సైడ్ అను మాటలలోని ‘సైడ్’ ప్రక్క అను అర్థముగల అచ్చ ఆంగ్లపదము. ఆంగ్లలిపిలో దాని వర్ణక్రమమే వేరు. ఏకకాలమున జరుగుటను తెలుపు కోఇన్‌సైడ్ అను మాటకు వర్ణక్రమము కలిసినను మూలము వేరు. అది పడుట అను అర్థముగల ‘కదెరె’ నుండి వచ్చినది. నిర్ణయించుట అను అర్థముగల డిసైడ్ మాత్రము చిత్రముగా ఈ ఇంటిదే. దాని తొలి అర్థము నరికివేయుట. సందేహమును తెంచివేయుటయే గదా నిర్ణయము! బేరము తెగినది, వ్యాజ్యము తెగలేదు అని తెలుగువారు పలుకుటలోనున్న భావమును ఇదియే.

ఈ అంత్యభాగముతో ఇరువదవ శతాబ్దమున పుట్టిన మాటలలో మిక్కిలి బరువైనది జెనోసైడ్. దానిని కూర్చినవాడు రఫాయెల్ లెమ్కిన్. నేడు బెలారూసులో చేరిన ఒక పల్లెలో 1900లో ఒక యూదు కుటుంబమున అతడు జన్మించెను. భాషలయందు ఆసక్తి మెండుగాగల న్యాయవేత్త. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఒట్టోమాన్ సామ్రాజ్యములో ఆర్మీనియనులు లక్షల సంఖ్యలో చంపబడిరి. ఒక్క మనిషిని చంపినవానికి శిక్ష కలదు. ఒక జాతినే తుడిచివేయబూనిన పాలకులను శిక్షించుటకు చట్టము లేదేమి అను ప్రశ్న యువకుడైన లెమ్కినును విడువలేదు. 1933లో మాడ్రిడ్ నగరమున జరిగిన న్యాయవేత్తల సదస్సునకు పంపిన ప్రతిపాదనలో అతడు అట్టి నేరములకు ‘బార్బరిటీ’, ‘వాండలిజం’ అను పేర్లు సూచించెను. అనాగరికత, విధ్వంసము అను ఆ పాతమాటలు ఎవరిని కదలింపలేదు, ప్రతిపాదన వీగిపోయినది.

1939లో జర్మనీ సేనలు పోలండుపై దండెత్తినప్పుడు అతడు తప్పించుకొని, పలుదేశములు దాటి, 1941లో అమెరికా చేరెను. వెనుక నిలిచిన తల్లిదండ్రులును, బంధువులలో అనేకులును నాజీల చేతిలో హతులైరి. ఆ సంవత్సరము ఆగస్టులో బ్రిటిషు ప్రధాని చర్చిల్, నాజీల ఘాతుకములను గూర్చి రేడియోలో ప్రసంగించుచు, ఆ నేరమునకు పేరే లేదని పలికెను. లెమ్కిన్ 1944లో అమెరికాలో ప్రచురించిన తన బృహద్గ్రంథమున ఆ పేరును సమకూర్చెను. గ్రీకులో ‘గెనోస్’ అనగా జాతి. దానికి లాటిను అంత్యభాగమును చేర్చి, టిరానిసైడ్, హోమిసైడ్, ఇన్‌ఫాంటిసైడ్ అనువాని తీరున జెనోసైడ్ అను మాటను కట్టితినని అతడే వివరించెను. గ్రీకును, లాటినును కలిపిన ఈ కూర్పును వైయాకరణులు దుష్టసమాసమని త్రోసివేయవచ్చును. కాని దాని తుదిని విన్న ప్రతివానికి అది హత్య అని వెంటనే తెలిసినది. పాతమాటలు చేయలేని పనిని ఆ తుది చేసినది. ‘గెనోస్’ అను మాటకును, జలజములోని ‘జ’కును మూలము ఒక్కటే. ఒక్క పుట్టుకగల వారినందరిని చంపుట అని ఆ పదముయొక్క తాత్పర్యము.

1945లో నూరెంబర్గు అభియోగపత్రములో ఆ మాట చేరినది. 1948 డిసెంబరు 9వ తేదీన పారిస్ నగరమున సమావేశమైన ఐక్యరాజ్య సమితి సర్వసభ్యసభ జెనోసైడు నిరోధక ఒడంబడికను ఆమోదించినది. అది 1951 జనవరి 12 నుండి అమలులోనికి వచ్చినది. దాని నిర్వచనము మృతుల సంఖ్యపై ఆధారపడదు. ఒక దేశీయ, జాతీయ, వర్ణ, మత సముదాయమును పూర్తిగా గాని, కొంతభాగము గాని నాశనము చేయవలెనను ఉద్దేశ్యమే అందు ముఖ్యము. భారతదేశము 1949లో సంతకము చేసి, 1959 ఆగస్టు 27న దానిని ధ్రువీకరించినది. ఆ మరునాడే న్యూయార్కులో లెమ్కిన్ మరణించెను. ఒక అంతర్జాతీయ న్యాయస్థానము ఈ నేరమునకు మొదటిసారిగా ఒకనిని దోషిగా నిర్ణయించుట 1998 సెప్టెంబరు 2వ తేదీన, రువాండా దేశపు మారణకాండ వ్యాజ్యములో జరిగినది. పేరు పుట్టిన పిమ్మట తీర్పు వచ్చుటకు 54 సంవత్సరములు పట్టినది.

తెలుగు పత్రికలు ఈ మాటకు నరమేధము, మారణహోమము, జాతిహననము అనువానిని వాడుచున్నవి. మొదటి రెండును యజ్ఞపరిభాష నుండి వచ్చినవి. మేధము, హోమము అనునవి దేవతలకు అర్పణములు. హోలోకాస్ట్ అను మాటకు గ్రీకులో మూలార్థము సంపూర్ణముగా దహింపబడిన బలి. హతులైనవారు ఎవరి బలిపీఠముపైనను తమంతట తాము కూర్చుండలేదు; చంపినవారు ఋత్విజులును కారు. జాతిహననము అను మాటలో ఆ అలంకారము లేదు. చంపబడినది జాతి, జరిగినది హననము. లెమ్కిన్ కూర్చిన పదమునకు సరియైన తెలుగు అదియే. తరగతిలో ఈ మూడు మాటలను నల్లబల్లపై వ్రాసి, వాని భేదమును విద్యార్థులచేతనే చెప్పించిన ఉపాధ్యాయుడు ఆంగ్లమును, తెలుగును, చరిత్రను ఒక్క గంటలో బోధించినవాడగును.