మెడలో గడ్డ కట్టేదాకా ఆగొద్దు!
గుంపుగా కదిలే నోటి కేన్సర్ కణాలు.. ముందే మేలుకుంటేనే ప్రాణం దక్కేది

సిరొంచ:
బుగ్గ లోపల చిన్న పుండు. నొప్పి ఉండదు. ఖర్రా నమిలినప్పుడు గీరుకుపోయిందేమోలే అనుకుంటారు. నెల దాటుతుంది.. రెండు నెలలు దాటుతాయి. ఓ రోజు దవడ కింద చింతగింజంత గడ్డ చేతికి తగులుతుంది. అప్పుడు డాక్టర్ దగ్గరికి పోతే ముక్క తీసి పరీక్ష చేయాలంటారు. ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. 'కత్తి పెడితే పాకుతది' అనే మాట ప్రాణహితకు ఇటూ అటూ ఉన్నదే.

ఆ మాటలో సగమే నిజం. కేన్సర్ పాకేది నిజం. కానీ దాన్ని పాకించేది కత్తి కాదు. మెడలో గడ్డ కేన్సర్‌దే అయితే, అది చేతికి తగిలేనాటికే కణాలు నోటి నుంచి మెడకు చేరిపోయి ఉంటాయి. ఆ తర్వాత ఆపరేషన్ చేసినా జబ్బు తిరగబెడితే నింద కత్తి మీద పడుతుంది. అసలు దోషం ఆలస్యానిది.

చేయీ చేయీ పట్టుకుని..
కేన్సర్ కణం ఒక్కటొక్కటిగా విడిపోయి, మరో చోటికి పోయి నాటుకుంటుందని చాలాకాలం అనుకునేవారు. అలా పోయేవీ ఉన్నాయి. అయితే నోరు, రొమ్ము వంటి చోట్ల పుట్టే కేన్సర్లలో కణాలు తరచూ గుంపుగానే కదులుతాయని మైక్రోస్కోపులో చూసి తేల్చారు. పారే వాగును దాటేవాళ్లు ఏం చేస్తారు? ముందు ఒకరు కర్రతో లోతు చూస్తారు. వెనక వాళ్లు చేతులు పట్టుకుని వరుస కడతారు. ఈ కణాలదీ అదే తీరు. పక్క కణాన్ని వదలకుండా పట్టి ఉంచే జిగురులాంటి ప్రొటీన్లు వాటికి ఉంటాయి.

దారి చూపేది ఒక్కోసారి కేన్సర్ కణం కూడా కాదు. లండన్‌లో ఎరిక్ సహాయ్ బృందం 2007లో 'స్క్వామస్' రకం కేన్సర్ కణాలను పరిశీలించింది. నోటి కేన్సర్లలో ఎక్కువ భాగం ఈ రకానివే. కండకు అల్లికలా ఉండే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు ముందుండి సందు తొలిస్తే, కేన్సర్ కణాలు ఆ సందులోంచి వరుసగా వెళ్లడం ఆ బృందానికి కనిపించింది. ఇంటివాడే దొంగకు దారి చూపినట్లన్నమాట!

గుంపుకు బలం ఎక్కువ. రక్తంలో పడ్డ ఒంటరి కణం చాలావరకు చచ్చిపోతుంది. గుంపులో ఉన్నవి ఒకదాన్నొకటి కాచుకుంటాయి. రొమ్ము కేన్సర్‌పై అమెరికాలో నికొలా అచెటో తదితరులు ఎలుకల్లో చేసిన పరిశోధన 2014లో వెలువడింది. రక్తంలో ఇలాంటి గుంపులు అరుదే. కానీ కొత్తచోట గడ్డ పెట్టే శక్తి ఒంటరి కణం కన్నా గుంపుకు 23 నుంచి 50 రెట్లు ఎక్కువని అందులో తేలింది.

మొదటి మజిలీ మెడ
నోటిలో పుట్టిన కేన్సర్ సాధారణంగా ముందు చేరేది మెడలోని లింఫు గ్రంథులకే. అక్కడ కొన్నే కణాలుంటే చేతికి ఏమీ తగలదు. మరి గడ్డ లేనప్పుడు మెడ కోయాలా, వద్దా? దీనికి జవాబు మన దేశం నుంచే వచ్చింది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం నోటిలో చిన్న కేన్సరే ఉండి, మెడలో గడ్డ లేనివారిని రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకు నోటి ఆపరేషన్‌తో పాటే మెడ గ్రంథులూ తీసేశారు. రెండో జట్టుకు గడ్డ కనిపించాకే మెడ ఆపరేషన్ చేశారు. 500 మంది ఫలితాలు 2015లో ప్రచురించారు. మూడేళ్ల తర్వాత మొదటి జట్టులో నూటికి 80 మంది బతికి ఉన్నారు. ఆగిన జట్టులో నూటికి 67.5 మందే. అంటే నూటికి పన్నెండు మందికి పైగా తేడా! ముందుగా పెట్టిన కత్తి ప్రాణం నిలిపింది.

ఖర్రాతోనే మొదలు
విదర్భలో ఏ పాన్‌ఠేలా ముందు చూసినా ఖర్రా రుద్దుతూనే ఉంటారు. వక్కముక్కలు, తంబాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి నలుపుతారు. పొగలేని పొగాకు, వక్క.. రెండూ కేన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. తంబాకు లేని వక్కపొడి అయినా మంచిది కాదు. వక్క వల్ల బుగ్గ లోపల గట్టిపడి నోరు తెరుచుకోకుండా పోతుంది. అది కేన్సర్‌కు ముందు మెట్టు.

గడ్చిరోలి జిల్లాలో మద్యం, పొగాకు తగ్గించేందుకు 2016లో 'ముక్తిపథ్' మొదలైంది. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం, టాటా ట్రస్ట్స్ కలిసి దీన్ని చేపట్టాయి.

ఎటు పోవాలె?
సిరొంచ నుంచి జిల్లా కేంద్రం సుమారు 200 కిలోమీటర్లు. వంతెన దాటితే కాళేశ్వరం. అందుకే ఇక్కడివాళ్లు వరంగల్, హైదరాబాద్ వైపు చూస్తారు. ముందు సిరొంచ గ్రామీణ ఆస్పత్రిలో నోరు చూపించుకోవాలి. ముక్క పరీక్షకు ఎక్కడికి పంపుతారో అక్కడే అడగాలి. ఇటు నాగపూర్‌లో, అటు హైదరాబాద్ ఎంఎన్‌జేలో కేన్సర్ చికిత్స ఉంది. బయల్దేరే ముందు ఆ ఆస్పత్రిలో తమ రాష్ట్రం కార్డు చెల్లుతుందో లేదో కనుక్కోవాలి. అక్కడికి పోయాక తెలిస్తే మళ్లీ నెల పోతుంది.

గుంపును విడగొట్టే మందు కోసమూ వెతుకులాట సాగుతోంది. గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్‌ను స్విట్జర్లాండ్ పరిశోధకులు తొమ్మిది మంది రొమ్ము కేన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. రక్తంలోని కణాల గుంపులు కాస్త చిన్నవయ్యాయని 2025లో ప్రకటించారు. ఇది తొలి అడుగు మాత్రమే. సొంతంగా వాడితే ప్రాణానికే ముప్పు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు
* రెండు వారాలైనా మానని నోటి పుండు, నొప్పి లేకపోయినా సరే
* నోట్లో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ
* నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, కారం తగిలితే మంట
* కారణం లేకుండా పళ్లు కదలడం, మింగడం కష్టమవడం
* దవడ కింద, మెడలో తగ్గని గడ్డ

వారానికోసారి అద్దం ముందు నిలబడి వెలుతురులో నోరు తెరిచి చూసుకుంటే చాలు. పైసా ఖర్చు లేదు. పుండు పుండుగా ఉన్నప్పుడే పట్టుకుంటే, గుంపు మెడ దాకా రాకముందే ఆపే వీలుంటుంది.