కాల్షియం మాత్ర: వేళ తెలిసి వేసుకుంటేనే మేలు

నడివయసు దాటిన స్త్రీలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇళ్ళలో కాల్షియం మాత్రలు సాధారణంగా కనిపిస్తాయి. ఉచిత వైద్య శిబిరాల్లోనూ వీటిని పంచుతుంటారు. మాత్ర మంచిదే. కాని దాన్ని ఎప్పుడు, దేనితో కలిపి వేసుకోవాలో చాలామందికి తెలియదు.

కాల్షియం కొన్ని మందులను కడుపులోనే పట్టి ఉంచి, రక్తంలో చేరనివ్వదు. థైరాయిడ్ మాత్ర వెంటనే కాల్షియం వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటపట్టదు. పరీక్షలో టి.ఎస్.హెచ్. పెరిగి కనిపిస్తుంది, డాక్టరు మోతాదు పెంచుతారు. నిజానికి లోపం మోతాదులో కాదు, వేళలో ఉంది. ఈ రెండింటికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి.

గర్భిణులకు ఐరన్, కాల్షియం రెండూ ఇస్తారు. కలిపి మింగితే ఐరన్ సరిగా అందదు, రక్తహీనత అలాగే ఉంటుంది. కనీసం 2 గంటల తేడా పాటించాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌లు వాడే రోజుల్లోనూ ఎంత ఎడం ఇవ్వాలో డాక్టరును అడగాలి.

సాధారణంగా దొరికే కాల్షియం కార్బొనేట్ మాత్ర భోజనంతో వేసుకుంటే బాగా ఒంటపడుతుంది. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించకుండా చూసుకోవాలి. ఎసిడిటీకి రోజూ పాంటాప్రజోల్ వంటి మందులు వాడేవారికి కాల్షియం సిట్రేట్ మేలు.

పాలకూరలో కాల్షియం ఉన్నా, అందులోని ఆక్జలేట్లు దాన్ని ఒంటపట్టనివ్వవు. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు మంచివి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

మూత్రపిండాల జబ్బు, రాళ్ళు ఉన్నవారు, గుండెకు డిగాక్సిన్, బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ వాడేవారు డాక్టరును అడగకుండా కాల్షియం మొదలుపెట్టకూడదు. రక్తంలో కాల్షియం మితిమీరితే ప్రమాదం.

రంజాన్‌లో మందుల వేళలన్నీ సహరీ, ఇఫ్తార్‌ల దగ్గరికే చేరతాయి. ఉపవాసం ఉండవచ్చని డాక్టరు చెప్పినవారు సహరీకి అరగంట ముందు థైరాయిడ్ మాత్ర, ఇఫ్తార్ తర్వాత భోజనంతో కాల్షియం వేసుకుంటే ఇబ్బంది ఉండదు. అయినా నెల మొదలయ్యే ముందే డాక్టరును కలిసి వేళలు రాయించుకోవడం మంచిది.

పేదలకు మందులు ఇప్పించే దాతలకు ఒక మనవి. మాత్రల పొట్లం మీద ఏ పూట, దేని తర్వాత వేసుకోవాలో తెలుగులో రాయించండి. చదువు రానివారికి నోటితో చెప్పించండి. అప్పుడే మీరిచ్చిన మందు వారి ఒంటికి చేరుతుంది.