పసుపు బోర్డు మీద రెండు ఒత్తులు

మా అచ్చంపేటకు రైలు రాదు. రైలు చూడాలంటే బస్సెక్కి జడ్చర్లకు పోవాలె. దుకాణాల బోర్డులు రాసి బతికినోణ్ని. బండి కన్నా ముందు నాకు ప్లాట్‌ఫారం చివరి పసుపు బోర్డే కనబడుతది. దూరం నుంచే చదవొచ్చని పసుపు మీద నలుపు. హిందీకి పైన గీత ఆసరా, ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఒకటే ఎత్తు. మన ‘జడ్చర్ల’కు మాత్రం కింద చ ఒత్తు, ల ఒత్తు వేలాడుతయి. దారానికి సుద్ద పూసి గీత కొట్టేటప్పుడే వాటికి జాగా విడవాలె. మరిస్తే పోయి కింది వరుస మీద కూసుంటయి. నేనోసారి ఒక కిరాణా బోర్డు మీద అట్లనే చేసి, మొత్తం తుడిచి మళ్లీ రాసిన.

స్టేషన్ బోర్డు మీద సముద్రమట్టానికి ఎంత ఎత్తో కూడా మీటర్లలో రాస్తరు. లెవెల్ క్రాసింగుకు ముందు పట్టాల పక్కన ఇంకో పసుపు పలక, ‘సీ/ఫా’ అని హిందీలో. సీటీ కొట్టు, ఫాటక్ వస్తుందని డ్రైవరుకు. రెండక్షరాల్లో ఇంత మాట!

2002లో, రైల్వే 150 ఏళ్ల పండుగకు గుర్తుబొమ్మగా, అహ్మదాబాద్‌ల ఉన్న డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ వాళ్లు పచ్చలాంతరు పట్టిన గార్డు ఏనుగు ‘భోలూ’ను గీసిన్రు. ముద్దుగానే ఉంటది గానీ, నా ఓటు ‘సీ/ఫా’కే.