ఒక మిల్లీమీటరు రంధ్రం

మధ్యచెవిలో నీరు నిలిచిన పిల్లవాడికి ఒక్కోసారి నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. పిలిస్తే పలకడు. టీవీ సౌండు పెంచుతాడు. వంటింట్లోంచి అమ్మ ఒకటి అడిగితే ఇంకోటి చెబుతాడు. ఇంట్లో మొండివాడంటారు, బడిలో పరధ్యానం అంటారు. నిజానికి వాడికి సగటున 25 డెసిబెల్స్ దాకా వినికిడి తగ్గి ఉంటుంది. ఆ చెవికే ఇన్ఫెక్షన్ సోకి చీము పట్టిందంటే రాత్రి పడుకోబెట్టగానే ఏడుపు, అన్నం సహించకపోవడం, ఇంటిల్లిపాదికీ జాగారం. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి తీసుకెళ్లే యూస్టేషియన్ నాళం పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేసిన ప్రతిసారీ గండం చెవికి వస్తుంది.

ఈ పిల్లల చెవుల్లో పెట్టే బుల్లి గొట్టం పేరు గ్రోమెట్. దారపు రీలు ఆకారం, మధ్యలో మిల్లీమీటరు పైచిలుకు రంధ్రం. చూడ్డానికి ఇంతే గానీ, ఇది కుదురుకోవడానికి నూట యాభై ఏళ్లు పట్టింది.

1801లో లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ కర్ణభేరికి సూదితో రంధ్రం చేసి, కొందరికి అక్కడికక్కడే వినికిడి తెప్పించాడు. రాయల్ సొసైటీ కోప్లీ పతకంతో సత్కరించింది. కానీ కర్ణభేరి మహా చురుకైన చర్మం, చిల్లు పడితే రోజుల్లోనే పూడ్చేసుకుంటుంది. దాన్ని తెరిచి ఉంచడానికి 1860ల్లో వియన్నాలో ఆడం పొలిట్జర్ గట్టి రబ్బరుతో చిన్న గొట్టం చేయించి పెట్టాడు. అది పూడుకుపోయేది, జారిపోయేది. ఆలోచన సరైనదే, చేతిలో తగిన పదార్థమే లేదు. 1954లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లాస్టిక్ గొట్టంతో మళ్లీ ప్రయత్నించాడు, ఈసారి నిలిచింది. సరిగ్గా అదే రోజుల్లో ఆపరేషన్ మైక్రోస్కోపు కూడా రావడంతో అంత సన్నని పని చేయడం తేలికైంది.

గ్రోమెట్ నీటిని తోడదు. నీటిని ముందు డాక్టరు పీల్చేస్తారు, గ్రోమెట్ బయటి గాలిని లోపలికి పంపి నీరు మళ్లీ ఊరకుండా చూస్తుంది. అంటే మొరాయించిన నాళం పనిని తాను చేస్తుంది. నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది అది బయటికొచ్చే తీరు. కర్ణభేరి పైపొర మధ్యనుంచి అంచులకు నెమ్మదిగా జరుగుతూ పెరుగుతుంది, ఆ కదలికే గ్రోమెట్‌ను ఆరు నుంచి పద్దెనిమిది నెలల్లో బయటికి నెట్టేస్తుంది. చాలామందిలో చిల్లు కూడా దానంతటదే పూడుతుంది. అది చెవిలో ఉన్నంతకాలం మాత్రం వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయకూడదు, నేరుగా మధ్యచెవిలోకే దిగుతుంది.

ఇన్నేళ్లూ వైద్యులు లెక్కపెట్టింది ఎన్నిసార్లు చీము పట్టింది, ఎంత నీరు ఉందనేవే. 1997లో రిచర్డ్ రోజెన్‌ఫెల్డ్ బృందం తల్లిదండ్రులను ఆరు సంగతులు అడిగింది: పిల్లల నొప్పి, వినికిడి, మాట, చిరాకు, ఆటపాటలు, కన్నవాళ్ల బెంగ. నాలుగు వారాల అనుభవాన్ని ఒకటి నుంచి ఏడు దాకా అంకెల్లో చెప్పమంది. ఆలస్యంగానైనా అడగాల్సినవే అడిగారు.

అలాగని చెవి బాధ ఉన్న ప్రతి బిడ్డకూ గ్రోమెట్ అక్కర్లేదు. తరచూ చెవి ఇన్ఫెక్షన్లు వచ్చే 250 మంది పసివాళ్లపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. రెండేళ్లు గమనిస్తే గ్రోమెట్ పెట్టినవాళ్లకు ఏడాదికి సగటున 1.48 సార్లు, మందులు వాడినవాళ్లకు 1.56 సార్లు చెవి బాధ వచ్చింది. తేడా లేనట్టే. మధ్యమధ్య నీరు పూర్తిగా ఇంకిపోయే చెవికి గ్రోమెట్ వల్ల ఒరిగేది తక్కువ. మూడు నెలలు దాటినా నీరు కదలక, పరీక్షలో వినికిడి తగ్గినట్టు తేలిన చెవికి అసలు ప్రయోజనం. ఆ మూడు నెలలు ఆగి చూడటమే మంచిది, చాలామందికి నీరు దానంతటదే పోతుంది. అంగిలి చీలికతోనో డౌన్ సిండ్రోమ్‌తోనో పుట్టిన పిల్లల్లో ఆ అవకాశం తక్కువ కాబట్టి వాళ్లకు అన్నాళ్లు ఆగకుండానే గ్రోమెట్ పెట్టొచ్చు.