కాలినది చర్మం, కాపాడవలసినది కడుపును కూడా

ద్వీపవాసులమైన మనకు దూరమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుండి, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి చేరాలంటే 500 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాలి. అందుచేత కాలిన గాయాల గురించి మనం కొంత ముందే తెలిసి ఉండటం అవసరం.

కొన్నేళ్ల క్రితం మా సహోద్యోగి ఒకరు వేడిగా ఉన్న డీజిల్ ఇంజను రేడియేటరు మూత తీయబోయి ఛాతీ, చేతులు కాల్చుకున్నారు. చేరిన ఆసుపత్రిలో వారి తల్లిగారు "లంఖణం పరమౌషధం" అంటూ గంజి కూడా పట్టనివ్వలేదు. మేమూ తలలూపాము. డాక్టరుగారు వచ్చి అందరినీ మందలించి, ఆ పూటే పాలు పట్టించారు. ఆ మందలింపు వెనుక ఉన్న శాస్త్రాన్ని తరువాత అడిగి తెలుసుకున్నాము.

తీవ్రంగా కాలినవారి ఆంత్రమూలంలో పుండ్లు పడటాన్ని 1842లో లండన్ శస్త్రవైద్యుడు థామస్ బ్లిజార్డ్ కర్లింగ్ వివరించారు. నేటికీ వాటికి ఆయన పేరే. శరీరంలో అధిక భాగం కాలినప్పుడు రక్తనాళాల నుండి ద్రవం స్రవించిపోతుంది. అప్పుడు శరీరం మెదడు, గుండెల సరఫరాను నిలుపుకొని జీర్ణకోశానికి కోత విధిస్తుంది. కరెంటు చాలనప్పుడు ఆసుపత్రి ఫీడరును ఉంచి, తక్కినవి మనం ఆపినట్లే. రక్తం అందని లోపలి పొర ఆమ్లాన్ని తట్టుకోలేక పుండవుతుంది. రక్తపు వాంతి, తారు వంటి నల్లని విరేచనం దాని ప్రమాద సూచికలు.

నివారణలో మొదటిది ద్రవం. పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం 60 కిలోల మనిషికి 20 శాతం కాలితే 4×60×20, అంటే 4,800 మిల్లీలీటర్లు మొదటి 24 గంటలలో అవసరం. అందులో సగం మొదటి 8 గంటలలోనే ఎక్కించాలి. ఈ గడియారం ఆసుపత్రి చేరినప్పటి నుండి కాదు, కాలిన క్షణం నుండి నడుస్తుంది. రెండవది ఆహారం. డాక్టరు అనుమతితో తొలి రోజే నోటి ద్వారా గాని, ముక్కు గొట్టం ద్వారా గాని ఆరంభించాలి. మూడవది ఆమ్లాన్ని తగ్గించే మందులు. సొంతంగా నొప్పి మాత్రలు మింగరాదు, కొన్ని పుండును పెంచుతాయి.

చర్మం మన తొలి ప్రాకారం. అది కూలినప్పుడు వ్యాధినిరోధక శక్తి కూడా సన్నగిల్లుతుంది. పస్తుంచితే పేగుల పొర బలహీనపడి క్రిములకు దారి ఇస్తుంది. పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 1.5 నుండి 2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల వారికి 90 నుండి 120 గ్రాములన్నమాట. మన దీవులలో చేపలకు కొరత లేదు. గుడ్లు, పాలు, పప్పు, విటమిన్ 'సి' గల పండ్లు తోడు కావాలి. రోగిని తాకే ముందు చేతులు కడుక్కోవాలి. ధనుర్వాతపు టీకా సంగతి అడగాలి. యాంటీబయాటిక్స్ డాక్టరు చెప్పినప్పుడే వాడాలి.

ఇంట్లో గాని, పనిచోట గాని ప్రమాదం జరిగితే గాయంపై 20 నిమిషాలు చల్లని కుళాయి నీరు పారించండి. మంచు, సిరా, టూత్‌పేస్టు పూయకండి. కాలిన సమయాన్ని ఒక కాగితంపై వ్రాసి రోగితో పంపండి. పడవలోనో, విమానంలోనో గడిచిన గంటలను లెక్కగట్టడానికి అవతలి డాక్టరుకు ఆ కాగితమే ఆధారం.